రంగు గడిలో ‘పసుపు’

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది ఆగస్టులో, మొదటి సోమవారం, బేతంచెర్ల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా పొడిగింపు కాగితం వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. నాలుగో ఏడు కాగితం రాలేదు. రిటైరవడానికి నెత్తి నెరవాలంటారు గానీ, మా వర్గానికి ఒక కాగితం ఆగితే చాలు. అలా నేను ముప్పయ్యో ఏట రిటైరయ్యాను. ఇప్పుడు కడపలో, నేను చదివిన కోర్సే చదువుతున్నవాళ్లకు ప్రాక్టికల్స్ చెబుతున్నాను. వాళ్లకు మొదటి రోజు చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మా కేంద్రంలో అందరికంటే పైన మెడికల్ ఆఫీసర్. ఆమెను అందరం మేడమ్ అనేవాళ్లం. తర్వాత స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ఆ తర్వాత నేను. నా గదిలో ఒక మైక్రోస్కోపు, రక్తం తిప్పే యంత్రం, హిమోగ్లోబిన్ కొలిచే చిన్న మీటరు, నాలుగు రిజిస్టర్లు ఉండేవి. వీటిలో మల పరీక్ష రిజిస్టరు గురించి కొంచెం చెప్పాలి. దానిలో మూడు భాగాలుంటాయి. మొదటిది కంటికి కనిపించేది: రంగు, గట్టిదనం, జిగురు, రక్తం. రెండోది మైక్రోస్కోపు కింద కనిపించేది: పురుగుల గుడ్లు, కణాలు. మూడోది, డాక్టరు అడిగితే చేసేది: దాగిన రక్తం పరీక్ష. కంటికి కనపడనంత కొద్ది రక్తం మలంలో ఉన్నా ఒక చిన్న పట్టీ మీద గీత పడుతుంది. డాక్టర్లు రెండు, మూడు భాగాలే చదువుతారు. మొదటి భాగం ఎవరూ చదవరు. రాసే మేమూ రాయడమే గానీ చదవం.

చేరిన రెండో ఏడు చలికాలంలో, బండల పాలిష్ ఫ్యాక్టరీల వరుసలో ఆరోగ్య శిబిరం పెట్టాం. బీపీ, షుగరు, నోటి పుండ్లు, హిమోగ్లోబిన్ చూడాలి. నా చేతిలోని ఫారంలో పేగుల గురించి అడిగే గడి లేదు. రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు ముప్పై ఇనుము మాత్రలిచ్చి, బెల్లం, శెనగలు, ఆకుకూరలు తినమని చెప్పి పంపాలి.

ఆ వరుసలో వచ్చినవాడు మద్దిలేటి. యాభై రెండేళ్లు. కట్టరు మేస్త్రీ, అంటే గనిలోంచి వచ్చిన నాపరాయిని కొలతకు కోసే యంత్రం దగ్గర నిలబడే మనిషి. మోకాళ్ల దాకా తెల్లటి రాతి బురద. పగలంతా తిరిగే రంపం ముందు నిలబడేవాడు, నేను వేలికి సూది గుచ్చబోతే గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

మీటరు 8.4 చూపింది. మగవాళ్లకు పదమూడైనా ఉండాలని చెప్పాను.

“బండ కోసేటప్పుడు నీళ్లు పోస్తానే ఉండల్ల గదా సార్, ఆ నీళ్లే నాలోకి గూడా కలిసినట్లుండాది” అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వి ముప్పై మాత్రలు చేతిలో పెట్టాను.

ఇది నా మొదటి తప్పు. కాన్పుల వయసులో ఉన్న ఆడవాళ్లకు రక్తం ఎలా పోతుందో అందరికీ తెలుసు. యాభై దాటిన మగవాడికి అలాంటి దారి లేదు. అతనికి ఇనుము తగ్గిందంటే లోపల ఎక్కడో కారుతూ ఉండవచ్చు, ఆ చోటు వెతకాలి. ఇది నేను డిప్లొమాలో చదివిందే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఎదురుగా నలభై మంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

నెల తర్వాత రెండో శిబిరంలో మద్దిలేటికి 7.9 వచ్చింది. మాత్రలు మింగుతున్న మనిషికి పెరగాల్సింది పోయి తగ్గింది. ఈసారి ఇంకో ముప్పై మాత్రలతో పాటు మేడమ్ దగ్గరికి చీటీ రాసిచ్చి పంపాను. ఆమె అడగవలసినవన్నీ అడిగింది. మలంలో రక్తం పడుతోందా? లేదు. కడుపు నొప్పి? లేదు. బరువు తగ్గావా? లేదు. విరేచనం తీరు మారిందా? లేదు. నాలుగు ప్రశ్నలకూ లేదన్నాడు. అంత ఆరోగ్యవంతుడు అంతకు ముందు మా ఓపీకి రాలేదు. వెళ్లేటప్పుడు మాత్రం రెండు మెట్లు దిగి గోడ పట్టుకుని ఆయాసపడ్డాడు. మేడమ్ అది చూసి, వెనక్కి పిలిచి, మల పరీక్షకు రాసింది. దాగిన రక్తం కూడా చూడమంది.

మల పరీక్ష చేయడం తేలిక. మలం తెప్పించడమే కష్టం. మూతకు చెంచా ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మేమే ఇస్తాం. అయినా జనం తమకు తోచినట్టు తెస్తారు. అగ్గిపెట్టెలో తెచ్చినవాళ్లున్నారు. పచ్చడి సీసాలో తెచ్చినవాళ్లున్నారు. ఒకాయన స్టీలు టిఫిన్ గిన్నెలో తెచ్చి, పరీక్ష అయ్యాక గిన్నె కడిగి ఇమ్మని సాయంత్రం దాకా కూర్చున్నాడు.

మద్దిలేటి వీళ్లందరికంటే బుద్ధిమంతుడిలా కనిపించాడు. మర్నాడు పొద్దున తొమ్మిది కాకముందే వచ్చాడు. మేమిచ్చిన డబ్బానే. దానికి మూడు కవర్లు, పైన కాగితం, రబ్బరు బ్యాండు. పెళ్లి పత్రిక ఇచ్చినట్టు రెండు చేతులతో అందించాడు.

పరీక్ష చేశాను. మొదటి భాగంలో రంగు: పసుపు. గట్టిదనం: మామూలు. రక్తం: లేదు. రెండో భాగంలో నాకు పండగ. మైక్రోస్కోపు కింద పల్చటి పెంకు, లోపల నాలుగు కణాలు, కొంకి పురుగు గుడ్లు. చెప్పుల్లేకుండా చేలల్లో తిరిగేవాళ్ల పాదాల్లోంచి లోపలికెళ్లి పేగును పట్టుకుని రక్తం తాగే పురుగు ఇది. మూడో భాగంలో, పట్టీ సరిగ్గా పనిచేస్తోందని చూపే సరిచూపు గీత ఒకటే వచ్చింది. అంటే దాగిన రక్తం లేదు. పురుగులున్నవాళ్లలో కొందరికి అలాగే వస్తుంది. రక్తం ఎందుకు తగ్గిందో తెలిసిపోయింది. మేడమ్ పురుగుల మాత్ర రాసింది. నేను సంతకం పెట్టాను.

కడుపులో పురుగులున్నాయని చెబితే మద్దిలేటి కళ్లు పెద్దవి చేశాడు. “పురుగులా!” అని, టవలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. చిన్న జబ్బేనని తేలికపడ్డాడని అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఓపీ అయిపోయాక ఇనుము మాత్రల లెక్క నెలవారీ ఫారంలోకి ఎక్కిస్తున్నాను. మద్దిలేటి పేరు రెండు చోట్ల కనిపించింది. మొదటి శిబిరంలో ముప్పై, రెండో శిబిరంలో ముప్పై. ఆ పేరు పక్కన పెన్ను ఆగింది.

ఇనుము మాత్ర మింగేవాళ్ల మలం నల్లబడుతుంది. అది జబ్బు కాదు, మాత్ర రంగు. నేను రాసింది పసుపు.

నాకు ఏ చిక్కు వచ్చినా కాగితం మీద అంకెలు వేసుకునే అలవాటుంది. నాలుగు వేశాను. ఒకటి, నేను రంగు తప్పు రాశాను. రెండు, ల్యాబులో డబ్బాలు మారాయి. మూడు, ఆయన మాత్రలు మింగడం లేదు. నాలుగు... నాలుగో అంకె ఎదురుగా ఏమీ రాయలేదు.

డబ్బా ఇంకా పారేయలేదు. తీసి చూశాను. పసుపే. ఆ రోజు వచ్చిన మల పరీక్ష అదొక్కటే కాబట్టి మారే వీలు లేదు. శిబిరం కాగితంలో ఆయన ఇంటి ఫోన్ నంబరుంది. చేశాను. భార్య సుంకులమ్మ ఎత్తింది.

మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగాను.

“వేసుకోక! నేనే చేతిలో పెట్టి, మింగినాక నోరు తెరిపిచ్చి చూస్తా సార్. ఆయప్ప మాట నమ్మేదానికి లే.”

“మరి బయటికి నల్లగా పోతోందంటాడా?” అన్నాను.

“బొగ్గు మాదిరి పోతాండాదని ఆయనే అనె. నడమ నడమ ఎర్రగా గూడా పడతాండాది. వేడి చేసిందంటాడు. యాడాదాయ సార్ ఈ వేడి. సబ్జా గింజలు నానబెట్టి ఇస్తి, మజ్జిగ ఇస్తి, అరికాళ్లకు ఆముదం రాస్తి. తగ్గల్యా.”

నేను నాలుగో అంకె వైపు చూస్తూ, ఆ రోజు పొద్దున డబ్బా ఎవరు సర్దారని అడిగాను.

“డబ్బానా? పొద్దున్నే మా తమ్ముడు ఈరన్న వచ్చి కవర్లో ఏందో చుట్టి బావ చేతికిచ్చి పోయె. చేనుకాడి నుంచి పచ్చిశెనక్కాయలు తెచ్చినాడేమో అనుకొంటి...”

ఫోన్‌లో సుంకులమ్మ నవ్వు మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. చివరికి, “రేపు ఇద్దర్నీ పట్టుకొస్తా. నువ్వు యాడికీ పోవాకు సార్” అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పది గంటలకు ఆటోలోంచి ముగ్గురూ దిగారు. ముందు సుంకులమ్మ, వెనక తలలు వంచుకుని బావా బామ్మర్దులు. ఈరన్న వట్టి కాళ్లతో ఉండటం నేను మొదట గమనించాను.

మేడమ్ గదిలో మద్దిలేటి ఏమీ దాచలేదు. “నా దాంట్లో రక్తముండాదని నాకు తెల్సు మేడమ్. బండలు కొనేదానికి వచ్చినోనికి మంచిబండ చూపిస్తామా, పగిలింది చూపిస్తామా? మంచిది చూపిస్తే మంచి మాట చెప్తారనుకొంటి” అన్నాడు. ముప్పై ఏళ్లుగా బండల పనిలో ఉన్న మనిషికి, పరీక్షకు ఇచ్చే ముక్క అంటే ఏరి కోరి ఇచ్చేదే.

మేడమ్ ఈరన్న వైపు తిరిగింది. అతను చేతులు కట్టుకున్నాడు. “బావ నోరు తెరిచి అడిగితే లేదనేదెట్ల మేడమ్? అడిగింది ఆస్తి గాదు గదా.”

“ఏరి ఏరి పురుగులుండేదాన్ని ఇచ్చినావే!” అంది అక్క. “ముందు నువ్వు మింగు ఆ మాత్ర.”

మేడమ్ కూడా నవ్వింది. ఆ నవ్వు అయ్యాక కుర్చీ ముందుకు లాక్కుని మొన్నటి ప్రశ్నలే మళ్లీ అడిగింది. ఈసారి జవాబులు సుంకులమ్మ చెప్పింది. ఏడాదిగా అప్పుడప్పుడు రక్తం. రెండు మూడు నెలలుగా ఒకరోజు గట్టిగా, ఒకరోజు నీళ్లగా. పనిలో కట్టరు ఆపి మూడుసార్లు పోతాడు, పోయినా పోయినట్టుండదంటాడు. తిండి తగ్గలేదు గానీ, బెల్టుకు మేకుతో కొత్తగా రెండు బొక్కలు కొట్టుకున్నాడు. చొక్కా ఎత్తి చూపించింది. నేను ఆ బొక్కలు లెక్కపెట్టాను. రెండే.

మేడమ్ మరుగు కట్టి, వేలితో పరీక్ష చేసింది. బయటికి వచ్చి మొలలున్నాయని చెప్పింది.

మద్దిలేటి ముఖం వెలిగిపోయింది. “నేను చెప్పలే? మొలలే! లారీ డ్రైవర్లకు, మా మాదిరి వేడిలో పనిచేసేటోళ్లకు అందరికీ ఉండేదే.”

“ఉన్నాయి. కాదనను” అంది మేడమ్. “మొలలు బెల్టును వదులు చేయవు. విరేచనం తీరును ఇలా మార్చవు. ఒక దొంగ దూరిన ఇంట్లోకి ఇంకొకడు దూరడని ఎవరైనా రాసిచ్చారా?”

పేగు చూపించుకోవడానికి కర్నూలు పోవాలంది. మద్దిలేటి అసలు భయం అప్పుడు బయటపడింది. కర్నూలు పోతే కోస్తారు. కోస్తే నెలలు మంచంలో ఉండాలి. కట్టరు కాడ నెలరోజులు మనిషి లేకపోతే ఆ తావు ఇంకొకరిదవుతుంది. చేతిలో ఉన్న పని అదొక్కటే. ఇది చెప్పేటప్పుడు మద్దిలేటి గొంతులో మొన్నటి హాస్యం లేదు. ఈరన్న తల గోక్కుని, “ఆ తావులో నేను నిలబడతా లే బావా. ఇది గూడా నీ బదులే గదా” అన్నాడు. 

మద్దిలేటి సొంత డబ్బా ఆ రోజే అందింది. పట్టీ మీద రెండో గీత చెప్పిన సమయానికి ముందే, ముదురుగా వచ్చింది. పరుగున మేడమ్ దగ్గరికి తీసుకెళితే, ఆమె అప్పటికే కర్నూలు పెద్దాసుపత్రికి చీటీ రాసి ముద్ర వేస్తోంది. ఇన్ని లక్షణాలున్నాక గీత రాకపోయినా పంపేదాన్నేనని, గీత లేదని ధీమాగా కూర్చోకూడదని చెప్పింది. ఇది నా నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను.

కర్నూలులో కొలనోస్కోపీ చేశారు. చివర కెమెరా ఉన్న మెత్తటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు మొత్తం చూసే పరీక్ష ఇది. ముందురోజు పేగు శుభ్రం కావడానికి లీటర్ల కొద్దీ మందునీళ్లు తాగాలి. ఫోన్‌లో మద్దిలేటి దాన్ని వర్ణించిన తీరు ఇక్కడ రాయదగింది కాదు. కట్టరు కింద కాలువ పారినట్టు అన్నంత వరకు రాయవచ్చు. పెద్దపేగు ఎడమవైపు కింది భాగంలో కణితి కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అని వచ్చింది. స్కానింగులో అది ఇంకెక్కడికీ పాకినట్టు కనపడలేదు.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు, రిపోర్టుల నకళ్లు అందించే పని మీద కర్నూలు వెళ్లి చూశాను. మద్దిలేటి మంచం మీద బాసింపట్టు వేసుకుని, పక్క మంచాలవాళ్లకు తన జబ్బు తానే వివరిస్తున్నాడు. “బండకు ఒక మూల పగులుండాదనుకో. ఆ మూల కోసి పారేస్తే మిగిలింది బంగారు మాదిరి బండ. పగులు నడుమ దాకా పారిందా, ఇంగ కంకరకే. నాది మూలనే ఉండాదంట.” ఏ సర్జనూ అంత సులువుగా చెప్పగా నేను వినలేదు. నన్ను చూసి, “వచ్చినాడప్పా, నా రంగు కనిపెట్టినోడు!” అని వార్డంతటికీ పరిచయం చేశాడు. వార్డంతా నవ్వింది. కుట్లున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు.

కణితి ఉన్న పేగు భాగం తీసి, రెండు చివరలూ కలిపి కుట్టారు. తీసిన భాగాన్ని, చుట్టూ ఉన్న గ్రంథులను పరీక్షించారు. కణితి పేగు గోడ దాటలేదు, గ్రంథుల్లో ఏమీ లేదు. కీమోథెరపీ అవసరం లేదన్నారు. కొన్నేళ్లపాటు గడువు ప్రకారం రక్త పరీక్షలు, స్కానింగు, మళ్లీ ఆ గొట్టం పరీక్ష చేయించుకోవాలి. ఆ గడువుల పట్టిక నేనే రాసి వాళ్లింటి తలుపు వెనక అతికించాను.

మద్దిలేటి పనికి రాని ఆ రెండున్నర నెలలూ కట్టరు దగ్గర ఈరన్న నిలబడ్డాడు. పురుగుల మాత్ర మింగాడు, చెప్పులు కొనుక్కున్నాడు. బావకు బదులు నిలబడటం ఈసారి పనికొచ్చింది. అతను కోసిన బండల్లో కొలత తప్పినవి ఎక్కువని యజమాని రోజూ గొణిగేవాడట. దానివల్ల మద్దిలేటి తావు మరింత భద్రమైంది.

పనిలోకి దిగే ముందు మద్దిలేటి హిమోగ్లోబిన్ చూశాను. 12.8. మీటరు తప్పేమోనని ఇంకో వేలికి గుచ్చాను. 12.9. కళ్లు తెరిచే ఉన్నాడు. మీటరు ఎత్తి మేడమ్‌కు, నర్సుకు, ఫార్మసిస్టుకు, ఓపీ వరుసలో ఎవరో తెలియని ముగ్గురికి చూపించాను. ఉద్యోగంలో నేను నియమం తప్పి రోగి రిపోర్టు బయట చూపింది ఆ ఒక్కసారే.

ఈ జబ్బు లక్షణాల మీద మేడమ్ నన్ను ఒక గోడపత్రం రాయమంది. పదకొండు అంశాలు, ఉప అంశాలతో రాశాను. మద్దిలేటికి చదివి వినిపిస్తే, “ఇది చదివేలోపల ఇంకో యాడాది పోతాది సార్” అన్నాడు. తానే చెబుతూ పోయాడు, నేను కొట్టివేస్తూ పోయాను. మిగిలినదాన్ని పాలిష్ పట్టిన నాపరాయి మీద చెక్కించి ఆటోలో తెచ్చాడు. ఆ బండ ఇప్పటికీ ఓపీ గోడకు ఉంది. దాని మీద ఇలా ఉంటుంది:

బయటికి పోతే రక్తం పడతాండాదా? మూడు వారాలు దాటినా పోయే తీరు మారే ఉండాదా, గట్టిగానో, నీళ్లగానో, సన్నంగానో? పోయినా ఇంకా ఉన్నట్లే ఉండాదా? కడుపునొప్పి, ఉబ్బరం పోకుండా ఉండాదా? తిండి తగ్గకుండానే బెల్టు వదులాయనా? ఊరికే ఆయాసమా? ఒక్కటున్నా చూపించుకో. వేడి అనుకోవాకు. మొలలే అనుకోవాకు. డబ్బా ఎవరిది వాళ్లే తేవల్ల.

మేడమ్ చెప్పి రెండు వాక్యాలు చేర్పించింది. ఇవి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు, చూపించుకుంటేనే అది తెలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే, ఏ లక్షణమూ లేకపోయినా డాక్టరును అడగాలి.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నవి రెండు. యాభై దాటిన మగవాడికి రక్తం తగ్గిందంటే అది జవాబు కాదు, ప్రశ్న. దానికి మాత్రలిచ్చి పంపితే ప్రశ్నను పంపేసినట్టు. రెండోది రిజిస్టరు మొదటి భాగం. రంగు గడిలో రాసేముందు, ఆ మనిషి ఏమేం మింగుతున్నాడో చూసి, ఏ రంగు రావాలో అనుకుని, అప్పుడు డబ్బా మూత తీయాలి. 

ఇప్పుడు కడప ల్యాబులో డబ్బా తెచ్చిన ప్రతివాణ్ణీ మా విద్యార్థులు మొదట ఒక మాట అడుగుతారు: “ఇది నీదేనా?” కొందరు నవ్వుతారు, కొందరు తిడతారు. ఒకాయన మాత్రం కాసేపు ఆలోచించి, డబ్బా వెనక్కి తీసుకుని, రేపొస్తానని వెళ్లిపోయాడు.